మేకపోతు గడ్డానికి అంటిన పుప్పొడి

దొడ్డి వెనక కంచె పక్కన కుందేలమ్మ ఒక గుమ్మడిపాదు పెట్టింది. ఎండాకాలం గడ్డి మాడిపోయాక తనకీ, నలుగురు పిల్లలకీ దాచుకున్న గుమ్మడికాయలే దిక్కు.

ఆ ఏడు ముసురు పట్టింది. వారం రోజులుగా ఒక్క తేనెటీగ కనబడలేదు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గుమ్మడిపాదుకు రెండు రకాల పూలు పూస్తాయి. అడుగున బుల్లి పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడే ఉంటే మగపువ్వు. మగపువ్వులోని పచ్చటి పుప్పొడి ఆడపువ్వులోకి చేరితేనే పిందె నిలుస్తుంది. చేరకపోతే రాలిపోతుంది. పైగా ఆడపువ్వు విచ్చుకుని ఉండేది ఒక్క పూటే. కుందేలమ్మ పాదుకు అప్పటికే ఏడు పిందెలు రాలాయి.

ఆ పొద్దున చివరి ఐదు ఆడపూలు విచ్చుకున్నాయి. మగపువ్వు కోసి తానే పుప్పొడి అద్దుదామని కుందేలమ్మ వచ్చి చూస్తే, మగపూలకు కొరికేసిన కాడలే మిగిలాయి; ఆడపూలు ఐదూ అలాగే ఉన్నాయి. పక్కనే మేకపోతు నెమరేస్తూ నిలబడి ఉంది.

"పూలేవి మావా?"

"నాకేం తెలుసమ్మాయ్? ఇప్పుడేగా వచ్చాను!"

కుందేలమ్మకు కోపమొచ్చింది. అరవబోయి, ఆగింది. మేకపోతు గడ్డం పచ్చగా మెరుస్తోంది.

"మరి గడ్డానికి ఆ పచ్చదనమేమిటి?"

"పసుపు రాసుకున్నా. జలుబు."

"జలుబు చేస్తే గడ్డానికా రాసేది?"

"మా ఇంట్లో అంతే."

"సరే, నేను నమ్మాను. ఎద్దు తాత నమ్మొద్దూ? అదిగో, కుడితి తాగి ఇటే వస్తున్నాడు. ఒక్క రంకె వేశాడంటే రైతు పరిగెత్తుకొస్తాడు. పోయినేడు బెండమొక్కల్లో దొరికితే నెల్లాళ్ళు నీ మెడలో గుదిబండ వేలాడింది, మర్చిపోయావా?"

మేకపోతు నెమరు ఆగిపోయింది. "నేలకేసి రుద్దేస్తా!"

"బురదైతే ఇంకా అనుమానం. ఆ పిందె ఉన్న పువ్వు మధ్య జిగురుగా ఉంటుంది, చూడు. గడ్డం అక్కడ తుడువు, పొడి అంటుకుపోతుంది. పన్ను మాత్రం తగలనీకు మావా. కొత్త గాటు కనబడిందో, నేను కాయలేను."

మేకపోతు పువ్వులో గడ్డం పెట్టి బుద్ధిగా తుడుచుకుంది.

"పోయిందా?"

"ఎడంపక్క ఇంకా ఉంది. అవతలి పువ్వులో తుడువు."

"ఇప్పుడు?"

"కొసన కాస్త."

అలా ఐదు పూలూ అయ్యాయి. ఎద్దు తాత వచ్చేసరికి గడ్డం శుభ్రంగా ఉంది. మేకపోతు తల ఎగరేసుకుంటూ వెళ్ళిపోయింది.

పది రోజులకు ఐదు పిందెలూ చెంబుల్లా ఊరాయి. మేకపోతు కంచె మీద ముందుకాళ్ళు వేసి చూసి ముక్కున వేలేసుకున్నంత పని చేసింది.

"ముసురులో తేనెటీగే రాలేదు కదమ్మాయ్, ఇవెలా కాశాయి?"

"ఒకటొచ్చింది మావా."

"ఎప్పుడు? నేను చూడలేదే!"

"ఎలా చూస్తావు? దానికి గడ్డం ఉంది."

పక్కనున్న ఎద్దు తాతకు నవ్వాగక నోట్లో గడ్డి జారిపోయింది. మేకపోతు గడ్డం తడుముకుంటూ మెల్లగా కంచె దిగింది.

నీతి: పోయినదాని కోసం అరిచే ముందు, మిగిలింది ఎక్కడుందో చూసుకోవాలి.