ఎల్లాజీ విప్పిన ఇసుక మూట

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే పెద్ద ఊరేం కాదులే, ఇటు ఇసుక, అటు సముద్రం, మధ్యలో నలభై గుడిసెలు. అక్కడ ఎల్లాజీ అని ఒక కుర్ర అల్లుడు ఉండేవాడు. నీలాగే వాడి నోరూ ఊరుకునేది కాదు. తుమ్మినవాణ్ణి ఏడిపించేవాడు, తుమ్మనివాణ్ణీ ఏడిపించేవాడు. ఎవరి మనసూ నొప్పించాలని మాత్రం కాదు.

వాడి మావ గురయ్య. ఆయన కళ్ళకి పొరలు కమ్మాయి. అయినా నడిసముద్రంలో పడవ ఎక్కడుందో ఆయనే చెప్పాలి. ఎలాగంటావా? సీసపు గుండుకి అడుగున మైనం పూసి, తాడు కట్టి నీళ్ళలోకి వదిలేవారు. మైనానికి అడుగు మట్టి అంటుకునేది. గుండు పైకి లాగాక గురయ్య ఆ మట్టి వాసన చూసేవాడు. "నల్ల బురద. ఊరు ఇంకా రెండ్రోజులు" అనేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు.

ఒకసారి గురయ్య, ఆయన కొడుకు దానయ్య, అల్లుడు ఎల్లాజీ, వాడి నేస్తం కాసులు, నలుగురూ తెరచాప పడవలో ఏడు రోజుల చేపల వేటకి బయల్దేరారు. అప్పుడు ఎల్లాజీ పెళ్ళాం ముత్యాలు ఒడ్డున గుప్పెడు ఇసుక తీసి, మూటకట్టి, మొగుడి మొలతాడుకి ముడేసింది. ఆ ఊరి ఆనవాయితీ అది. నీళ్ళలో పోయినా సొంత ఊరి మట్టి ఒంటి మీద ఉండాలని. తిరిగి ఒడ్డెక్కేదాకా మూట విప్పకూడదు.

మొదటి రోజు వలలో ఏమీ పడలేదు. రెండో రోజూ పడలేదు. మూడో రోజు పడింది ఒకే ఒక్క వంజరం. అందరి మొహాలూ వేలాడిపోయాయి. వీళ్ళని నవ్విద్దాం అనుకున్నాడు ఎల్లాజీ. గుండు పైకి లాగి, మట్టి తుడిచేసి, మూట విప్పి, ఊరి ఇసుకంతా మైనానికి అద్దేశాడు. ఎవరూ చూడలేదు.

గురయ్య వాసన చూశాడు. మొహం వెలిగింది. "ఊరొచ్చేసిందిరా. మన రేవే ఇది" అన్నాడు.

చుట్టూ చూస్తే నీళ్ళే. దానయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయ్య ముక్కుకీ పొరలొచ్చాయిరోయ్" అన్నాడు.

గురయ్య గుండుని మెల్లగా కడిగి, బుట్టలో పెట్టి, పడవ ముందుకెళ్ళి ఒక్కడూ కూర్చున్నాడు. నేనే చేశానని చెబుదామని ఎల్లాజీ నోరు తెరిచాడు. ఎప్పుడూ మూతపడని నోరు అప్పుడే మూతపడింది.

ఆ తర్వాత మబ్బు కమ్మింది. సూర్యుడు లేడు, చుక్కల్లేవు. పడవ ఎటు పోతోందో ఎవరికీ తెలీదు. ఐదో రోజు పోయింది. ఆరో రోజు పోయింది. ఏడో రోజుకి కుండలో మంచినీళ్ళు బెత్తెడే మిగిలాయి.

"గుండు వేద్దాం అయ్యా" అని దానయ్య బతిమాలాడు. వేశారు. గురయ్య వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ ఊపాడు. మూడోసారి గుండు కింద పెట్టేశాడు.

"నడిసముద్రంలో ఊరి వాసన తగిలిన ముక్కురా ఇది. దీన్ని నమ్మి మిమ్మల్ని ఎటు తోలమంటారు?"

అప్పుడు ఎల్లాజీ ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఖాళీ మూటగుడ్డ ఆయన చేతిలో పెట్టాడు. "నీ ముక్కు తప్పు చెప్పలేదు మావా. అది మన ఊరి ఇసుకే. నేనే పూశాను."

గురయ్య ఆ గుడ్డ వాసన చూశాడు. "ఆ రోజే చెబితే నవ్వేసి ఊరుకునేవాణ్ణి కదరా అల్లుడా" అన్నాడు, అంతే. ఆ తర్వాత గుండు తీసి ముక్కుకి ఆనించుకున్నాడు. "గవ్వల ఇసుక. కెరటం కుడిచేతి వైపు నుంచి తగిలేలా పడవ తోలండి" అన్నాడు.

తొమ్మిదో రోజుకి ఒడ్డు కనబడింది. అప్పటికే అక్కడ ఏడుపులు మొదలయ్యాయి. ముత్యాలు పరిగెత్తుకొచ్చి మొగుడి మొలతాడు తడిమింది. "మూటేదీ?" అంది.

"నీళ్ళలో జారిపోయిందిలే అమ్మా" అన్నాడు గురయ్య.

మళ్ళీ ఆయన పడవెక్కలేదు. ఎల్లాజీ మూడుసార్లు వెళ్ళి పిలిచాడు. మూడుసార్లూ ఒకటే మాట. "నా ముక్కంటే నాకే భయం పట్టుకుందిరా." చివరికి గుండు తీసి వాడి చేతిలో పెట్టాడు.

ఎల్లాజీ ఎన్ని రకాల మట్టి వాసన చూసినా అన్నీ ఒకేలా ఉండేవి. ఆ తర్వాత ఎవరినైనా ఏడిపిద్దామని నోరు తెరిస్తే, ముందు చెయ్యి వెళ్ళి ఆ గుండుని తడిమేది.

కథేమో కంచికి,
పడవేమో ఒడ్డుకి,
మనమేమో ఇంటికి,
నిద్రేమో కంటికి.