పొట్టేలు పూడ్చిన తూము

ఊపిరియై లోకాలను నిలిపే వాయుదేవునికి, దప్పికెరిగి దిగివచ్చే వరుణదేవునికి తొలి నమస్కారం. ఆ ఇద్దరూ చెలిమితో వస్తే పచ్చిక మొలుస్తుంది. పంతంతో వస్తే కొండలు వణుకుతాయి. వారు పంతంతో వచ్చిన ఒకనాటి కథ ఇది. తుంగశృంగుడనే పొట్టేలు కథ. ఆ పొట్టేలు అసూయతో కడుపు నింపుకోబోయిన కపిలవాలుడనే నక్క కథ.

శరత్తు అనగానే మనకు తెల్లని మబ్బులు, తేరిన ఏరులు, పండువెన్నెల తలపునకు వస్తాయి. పడమటి సముద్రంలోని బ్రిటన్ దీవికి ఆ భాగ్యం లేదు. అక్కడ శరత్తు వచ్చిందంటే మహాసముద్రం మీదనుంచి తుఫానులు ఒకదాని వెంట ఒకటి బయలుదేరుతాయి. ఆ దేశస్థులు ఇంటి బిడ్డలకు పెట్టినట్టు వాటికి పేర్లు కూడా పెడతారు. ఆ దీవి ఉత్తరభాగాన, ఒక కొండవాలు మీద, సున్నమూ మట్టీ తగలని రాతిగోడ ఒకటి ఉండేది. ఉత్త రాళ్లే ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన గోడ. రాళ్ల సందుల్లోంచి గాలి సన్నగా ఈల వేస్తూ పోయేది. గోడ అడుగున ఉన్న తూములోంచి వాననీరు దిగువ కాలువలోకి జారిపోయేది. గాలికీ నీటికీ దారి ఇచ్చింది కనుకనే ఆ గోడ నూరేళ్లుగా ఏ తుఫానుకూ ఒరగలేదు.

గోడకు ఎగువన తుంగశృంగుడు ఒక్కడే ఉండేవాడు. పిల్లలు వసంతంలో పుట్టాలని, శరత్తు ముగిసేదాకా పొట్టేలును మందకు దూరంగా ఉంచడం అక్కడి కాపరుల ఆచారం. ఒంటరివాడని జాలిపడి కాపరి అతనికి గోడ పక్కనే రేకుల కొట్టం వేసి, ఎండుగడ్డి పరిచాడు. దిగువన స్థిరమతి అనే ముసలిగొర్రె, ఆమె మంద. వారికి కొట్టం లేదు. గోడ చాటే దిక్కు. అయినా గాలి లేచిందంటే చాలు, కుందేళ్లు, కౌజుపిట్టలు పరుగున వచ్చి స్థిరమతి పొట్టకింద దూరేవి. వారి మాటలు సందుల్లోంచి ఎగువకు వినవచ్చేవి.

"పెద్దమ్మా, కాస్త జరుగు. నా చెవులు తడుస్తున్నాయి!" అనేది లఘుకర్ణి అనే కుందేలు.

"నీ చెవులకు వేరే ఇల్లు కట్టించాలే, లఘుకర్ణీ!"

అంతా నవ్వేవారు. ఆ నవ్వు వినగానే తుంగశృంగుని నోటిలో గడ్డి చేదయ్యేది.

"మెలితిరిగిన కొమ్ములెవరివి? నావి! కొట్టమెవరికుంది? నాకు! అందరూ చేరేదెక్కడికి? ఆ పళ్లూడిన ముసలిదాని దగ్గరికి!" అని అతడు గోడకేసి కొమ్ములు రాచుకుంటూ గొణుగుతుండగా కపిలవాలుడు వచ్చాడు.

"ఏం మామా, చిక్కిపోయావు?"

"చిక్కడమేమిటిరా? ఇంత ఉన్ని కనబడలేదా?"

"ఉన్ని కనబడింది మామా. దాని కింద రగిలేది కూడా కనబడింది."

తుంగశృంగుడు మొగం తిప్పుకున్నాడు. అటు తిరిగే అడిగాడు. "నాలుగు దిక్కులూ తిరిగేవాడివి కదా, చెప్పు. ఆవిడ దగ్గర ఏముందని అందరూ అలా ఎగబడతారు?"

"వెచ్చదనం."

"కప్పులేని చోట వెచ్చదనమెక్కడిదిరా?"

నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నీదే మామా."

"నాదా!"

"మరి? నీ కొట్టంలో పుట్టే వెచ్చదనమంతా ఈ సందుల్లోంచి, ఆ తూములోంచి అటు కారిపోతోంది. అనుభవించేది వారు. పేరు ఆవిడకు. 'పెద్దమ్మ ఒడి ఎంత వెచ్చన' అని మొన్న కౌజుపిట్ట పాట కూడా కట్టింది."

"పాట కూడానా!"

"రెండు చరణాలు."

పులి పంజా తగిలినా అతడు అంతగా అదిరేవాడు కాడు. "ఇప్పుడేం చేయాలి?" అన్నాడు.

"సందులన్నీ పూడ్చు. తూము మరీ గట్టిగా పూడ్చు. రేపు తుఫాను వస్తుందని కాపరి చెబుతున్నాడు. చలికి వణుకుతూ అందరూ నీ గుమ్మం ముందు నిలబడి, 'తుంగశృంగులవారూ, కాస్త చోటిప్పించండి' అని వేడుకుంటారు."

"'వారూ' అంటారా?"

"అనక!"

ఆ పగలంతా తుంగశృంగుడు పనిచేశాడు. ఎండుగడ్డిని బురదలో తొక్కి సందుల్లో కుక్కాడు. గోడకు ఒళ్లు రుద్ది, రాలిన ఉన్నిని ఉండచేసి, తూములో పెట్టి కొమ్ములతో దిగ్గొట్టాడు. కపిలవాలుని లెక్క వేరు. నీరు నిలిచి గోడ కూలుతుంది. దిగువనున్న చిన్నప్రాణులు వరదలో కొట్టుకువచ్చి తన నోట పడతాయి. మరునాడు ఆ నక్క దిగువ కాలువ గట్టున గడ్డిలో పొంచి కూర్చుంది.

మధ్యాహ్నానికి ఆకాశం సీసపు రంగు తిరిగింది. పడమటిగాలి కొండ శిఖరాన్ని దాటి విరుచుకుపడింది. వాన చినుకులుగా కాక అడ్డంగా, తెరలు తెరలుగా కొట్టింది. కొండమీది నీరంతా గోడ దగ్గరికి వచ్చి, పోవడానికి దారిలేక నిలిచింది.

తుంగశృంగుడు గుమ్మంలో నిలబడి ఎదురుచూశాడు. నీరు గిట్టలు దాటింది. "ఇక వస్తారు" అనుకున్నాడు. మోకాళ్లు దాటింది. "బిడియపడుతున్నారు" అనుకున్నాడు. పొట్టకు తగిలాక కదలబోయాడు. తడిసిన ఉన్ని బండరాయంత బరువైంది. కాళ్లు బురదలో దిగబడిపోయాయి.

దిగువన స్థిరమతి చెవులు నిక్కించింది. "లఘుకర్ణీ, గోడ ఈల వినబడుతోందా?"

"లేదు పెద్దమ్మా."

"కాలువలో నీరుందా?"

"చుక్క లేదు."

"ఇంత వానలోనా?" స్థిరమతి గోడకు చెంప ఆనించింది. రాళ్లు వణుకుతున్నాయి. తూము అంచున ఉన్నిపోగు ఒకటి వేలాడుతోంది. "ఇది ఎగువనున్న మన అల్లుడుగారి ఉన్ని!"

"పూడ్చినవాడినే మునగనీ" అంది కుందేలు. "మనం పక్కనున్న బండమీదికి పోదాం పదండి."

"మీరు పదండి. కానీ అటువైపు ఉన్నది కూడా ప్రాణమే." స్థిరమతి గొంతెత్తి, "అల్లుడుగారూ! కొట్టం వదిలి పైకి రండి!" అని ముమ్మారు పిలిచింది. బదులు రాలేదు. ఆ పిలుపు చేరవలసిన సందులు అన్నీ అతడే పూడ్చుకున్నాడు.

"పెద్దమ్మా" అని కుందేలు గుసగుసలాడింది. "కాలువ గట్టున ఎర్రగడ్డి ఎప్పుడు మొలిచింది?"

స్థిరమతి చూసింది. అది గడ్డి కాదు, తోక. ఆమెకు అంతా అర్థమైంది. మందను సైగతో బండమీదికి పంపి, కొండ మారుమోగేలా అరిచింది. "పిల్లలూ! ఇక్కడ నిలవలేం. కాలువ పొడిగా ఉంది, ఒక్కొక్కరే తూము దగ్గర దిగండి. బొద్దుగా ఉన్నవాళ్లు ముందు!"

కపిలవాలుడు కాలువలోకి దూకి, తూము ఎదురుగా కూర్చుని, నోరు తెరిచాడు. స్థిరమతి ఓరగా నిలబడి, ఉన్నిపోగును మిగిలిన నాలుగు పళ్లతో పట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఉండ ఊడింది. ఎగువనీరు ఏనుగు తొండమంత లావున బయటికి దూకింది.

"ఇదేం మర్యాద పెద్దమ్మా!" అని నక్క నీళ్లలోంచి అరిచింది.

"బొద్దుగా ఉన్నదే ముందు వచ్చింది నాయనా!"

ఆ వరద కపిలవాలుణ్ని పక్క లోయదాకా మోసుకుపోయింది. ఎలుకతోకలా చిక్కిన తోకతో ఒడ్డెక్కిన ఆ నక్క మళ్లీ ఈ వాలు తొక్కలేదు.

ఎగువన నీరు తగ్గింది. తుంగశృంగుడు బురదలోంచి కాళ్లు పెకలించుకుని, తాను పూడ్చిన సందును తానే కొమ్ముతో పొడిచి తెరిచాడు. గాలితోపాటు గొంతు వినబడింది.

"అల్లుడుగారూ, ఉన్నారా?"

తుంగశృంగుడు సందుకు మొగం ఆనించాడు. "ఉన్నానత్తా. తూము పూడ్చింది నేనే."

"తెలుసులే. మీ ఉన్ని ఇంకా నా పళ్లలోనే ఉంది."

"ఒక్క కోరిక. మీ మీద కౌజుపిట్ట కట్టిన ఆ పాట ఒకసారి పాడించండి. రెండు చరణాలూ."

"ఏ పాట?"

బండ దిగివచ్చిన వారంతా ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. కౌజుపిట్ట ముందుకు వచ్చింది. "పాటా? నా గొంతు ఎప్పుడైనా విన్నారా, బాబూ? కిర్రుమనడం తప్ప నాకేం వచ్చు?"

తుంగశృంగుడు తడిసిన గడ్డిమీద కూలబడ్డాడు. లేని పాటకు ఓర్వలేక ఉన్న కొట్టాన్ని ముంచుకున్నాడు.

పొరుగువాని వెచ్చదనం తననుంచి దొంగిలించిందే అనుకునేవాడు ముందుగా తన వాకిటే వరద నిలుపుకుంటాడు.

ఈ కథ విన్నవారి గోడలు గాలికి నిలుచుగాక! వారి వాకిట వాననీరు దారి తప్పక పోవుగాక! పొరుగింటి నవ్వు వారి చెవులకు ఎల్లప్పుడూ ఇంపుగానే వినబడుగాక!