నూకాలు పెట్టిన కొక్కేలు

అనగనగా ఒక పిల్ల మోకాలి లోపల ఒక ఊరు. ఊరి మధ్య ఎర్రటి కాలువ. డాక్టర్లు దాన్ని రక్తనాళం అంటారులే. ఆ కాలువ గట్టు రాళ్ళతో కట్టింది కాదు, ఒకరికొకరు భుజాలు ఆనించి నిలబడ్డ ఆడవాళ్ళే గట్టు. అందులో ఒకతె నూకాలు. పాపం, కొత్తగా వచ్చింది, అంతా అయోమయం.

కాలువలో తెల్లచొక్కాల కాపలావాళ్ళు కొట్టుకుపోతూ ఉండేవారు. గట్టు నున్నగా ఉంటే వాళ్ళు ఆగరు.

ఒకరోజు ఆ పిల్ల సైకిలు మీంచి పడింది. మట్టితో పాటు దొంగపురుగులు మోకాట్లో దూరాయి. అప్పుడు గట్టు వెనకనుంచి ఒక కబురొచ్చింది. "నూకాలూ, కొక్కేలు బయట పెట్టు!" ఈ కబుర్లని సైటోకైన్లు అంటారట, నాకు నోరు తిరగదు. ఎందుకో ఏమిటో తెలియకుండానే నూకాలు చిన్న కొక్కేలు పెట్టింది. కాపలావాళ్ళు తగులుకుని దొర్లారు గానీ ఆగలేదు.

ఆ తర్వాత రెండో కబురు. "గట్టివి పెట్టవే!" పెట్టింది. ఈసారి వాళ్ళు ఆగి, ఆమెకీ పక్కావిడకీ మధ్యనుంచి దూరి, పురుగుల మీద పడ్డారు. సందుల్లోంచి నీళ్ళు కారి మోకాలు బూరెలా వాచింది.

"మెల్లగా వెళ్ళండయ్యా, నా ఒళ్ళు చీలిపోతోంది!"

"కొక్కెం పెట్టి ఆపింది నువ్వేగా అక్కా!" అన్నాడొక కాపలావాడు.

ఆ తర్వాత మూడో కబురు. "తీసెయ్యి!" ఇంకోవైపునుంచి, "తియ్యకు!" నూకాలుకి మతిపోయింది. తీస్తే పురుగులు ఒళ్ళంతా పాకి పిల్ల ప్రాణం మీదికొస్తుంది. తియ్యకపోతే కాపలావాళ్ళే గట్టు చీల్చి కాలు పాడుచేస్తారు. పురుగులు చచ్చాయో లేదో అక్కణ్ణించి కనపడదాయె. పక్కావిడని అడిగింది. "నాకేం తెలుసే, నాదీ అదే గోల" అంది ఆవిడ.

అప్పుడు నూకాలు ఏడుస్తూనే చెవి ఒగ్గి వింది. ఎంతసేపో వింది. "తియ్యకు" అనే గొంతులు తగ్గాయి, "తీసెయ్యి" అనేవి పెరిగాయి. తప్పో ఒప్పో తెలియదు. ఒక్కో కొక్కెం లోపలికి లాక్కుంది. కాపలావాళ్ళు ఆగకుండా సాగిపోయారు.

మంచిపని చేశావని ఎవ్వరూ చెప్పలేదు. మూడు రోజులు భయంతో బిక్కచచ్చి నిలబడింది. నాలుగోనాడు పొద్దున్నే గట్టంతా దడదడా అదిరింది. "అయ్యో, నేనే తప్పు చేశానా!" అని నూకాలు పక్కావిడ భుజాన్ని గట్టిగా అదుముకుంది. అది ఆ పిల్ల పరుగెడుతున్న చప్పుడని దానికి చెప్పేవాళ్ళెవరు?

కథ కదిలె కంచికి, కునుకు రావె కంటికి.