త్రిపురాంబ గారి ఎనిమిదో సంగతి

అనగనగా ఒక ఊళ్ళో, కాలవ వంతెన దిగగానే కుడిచేతి సందులో, త్రిపురాంబ గారని పాట నేర్పే అమ్మ ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు చిన్నీ. ఊఁ కొట్టకపోతే కథ నడవదు.

ఆవిడ పాడుతుంటే వీధిలో పోయే పాలవాడు సైకిలు దిగి నిలబడిపోయేవాడు. ఇళ్ళవాళ్ళు కాఫీకి ఆలస్యమవుతోందని కేకలేసినా కదిలేవాడు కాదు. ఆవిడ కోడి కూయకముందే లేచి తన సాధన తాను చేసుకునేది. ఆ తర్వాత పిల్లలొచ్చేవాళ్ళు. బడివేళ దాకా ఒక జట్టు, బడి వదిలాక ఇంకో జట్టు. ముక్కు చీదడం రాని పిల్ల చేత కూడా మూడేళ్ళు తిరిగేసరికి వర్ణం పాడించేది. ఊళ్ళో డెబ్బైమంది ఆడపిల్లలు ఆవిడ దగ్గరే పాట నేర్చుకున్నారు.

ఆ ఊళ్ళో ఒక గానసభ ఉండేది. ఏటా మాఘమాసంలో తొమ్మిది రోజులు కచేరీలు జరిపేవాళ్ళు. సభకి పట్టాభి గారని ఒక సెక్రటరీ. జరీ పంచె కట్టుకుని, చంకలో ఫైలు పెట్టుకుని తిరిగేవాడు. రాగానికీ రోగానికీ తేడా తెలీదు గానీ, ఎవరు పాడాలో ఎవరు పాడకూడదో తేల్చేది మాత్రం ఆయనే. మన ఖర్మ అలా ఏడ్చింది.

త్రిపురాంబ గారికి ఉన్నది ఒకటే కోరిక. ఆ వేదిక మీద మధ్యలో కూర్చుని, తన పేరుతో, ఒక్క కచేరీ పాడాలి. అంతే. మేడలడిగిందా? మాన్యాలడిగిందా?

మొదటిసారి వెళ్ళి అడిగినప్పుడు ఆవిడకి పాతికేళ్ళు. "ఇంకా చిన్నదానివమ్మా, నాలుగు రోజులు ఆగు" అన్నాడు పట్టాభి గారు. ఆవిడ ఆగింది.

ఆ తర్వాత పదిహేనేళ్ళకి మళ్ళీ వెళ్ళింది. "నువ్వు పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నావుగా! పాఠాలు చెప్పే గొంతు వేరు, కచేరీ గొంతు వేరు. ఉన్నదేదో చూసుకోమ్మా" అన్నాడు. చూశావా ఆ మాట! పాఠం చెప్పాలంటే తప్పు పాడినా ఒప్పు పాడినా పట్టుకోగలిగిన చెవి ఉండాలి. ఒకే వరసని వందసార్లు అలవకుండా పాడగలిగే గొంతుండాలి. ఆ గొంతు కచేరీకి పనికిరాదట! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత ఇంకో పదిహేనేళ్ళకి మూడోసారి వెళ్ళింది. అప్పుడేమన్నాడో తెలుసా? "ఇంత వయసొచ్చాక కచేరీ ఏమిటండీ, కృష్ణా రామా అనుకోక" అన్నాడు. నిన్నటిదాకా చిన్నది, ఇవాళ ముసలిది. మరి ఆ మధ్యలో ఉన్న ముప్పై ఏళ్ళు ఎవడు తిన్నట్టు?

త్రిపురాంబ గారు ఇంటికొచ్చి, సాయంత్రం జట్టుకి పాఠం చెప్పింది.

ఇప్పుడు ఒక్క విషయం చెబుతాను, గట్టిగా గుర్తుపెట్టుకో. ఆవిడ దగ్గర ఒక కల్యాణి కీర్తన ఉండేది. దాని పల్లవికి ఎనిమిది సంగతులు. సంగతంటే, ఉన్న మాటనే మళ్ళీ మళ్ళీ పాడుతూ ప్రతిసారీ ఒక కొత్త మలుపు తిప్పడం. అందులో ఏడు ఆవిడ గురువు నేర్పినవి. ఎనిమిదోది ఆవిడ సొంతంగా కట్టుకున్నది. జంతిక చుట్టినట్టు చుట్టలు చుట్టలుగా తిరిగి, సరిగ్గా బయల్దేరిన చోటికే వచ్చి కూర్చునేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి. గురువు ఎదుట లేకపోతే శిష్యులు ఎనిమిదీ పాడుకోవచ్చు. గురువు ఉంటే మాత్రం ఏడు పాడి ఆగాలి. ఎనిమిదోది గురువు పాడాలి. అప్పుడు శిష్యులు పల్లవి అందుకోవాలి. అయిదేళ్ళ పిల్లయినా ఆ మర్యాద తప్పేది కాదు.

ఆ డెబ్బైమందిలో మందాకిని అని ఒక పిల్ల ఉండేది. రైసుమిల్లు గుమాస్తా కూతురు. పదేళ్ళు త్రిపురాంబ గారి చాప మీదే పెరిగింది. దాని పాట వింటే త్రిపురాంబ గారే పడుచుదై మళ్ళీ పాడుతున్నట్టుండేది.

ఆ పిల్లకి కచేరీ ఇమ్మని అడిగితే పట్టాభి గారు మెలిక పెట్టాడు. "పేరున్న విద్వాంసుడి శిష్యురాలైతే ఆలోచిస్తాం" అన్నాడు. అప్పుడు త్రిపురాంబ గారు ఏం చేసిందో తెలుసా? గుండె రాయి చేసుకుని, ఆ పిల్లని తనే రైలెక్కించి పట్నం పంపింది. అక్కడ గానసముద్ర నరహరి గారని ఒక పెద్ద విద్వాంసుడు. ఆయన మెళ్ళో ఎప్పుడూ ఏదో ఒక పతకం వేలాడుతుండేది. మందాకిని ఆయన దగ్గర నలభై రోజులుంది. ఆ నలభై రోజులూ ఆయన కచేరీల్లో వెనకాల కూర్చుని తంబురా మీటింది. ఒక్క పాఠం చెప్పలేదా మహానుభావుడు. ఒక్కటంటే ఒక్కటి!

ఆ తర్వాత మాఘమాసం వచ్చింది, ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి. అందులో ఏముంది? "గానసముద్ర నరహరి గారి ప్రియశిష్యురాలు కుమారి మందాకిని" అని ఉంది. పదేళ్ళు అన్నం కలిపి పెట్టినట్టు పాట పెట్టిన మనిషి పేరు ఎక్కడా లేదు. చీమ తలకాయంత అక్షరాల్లో కూడా లేదు.

మందాకిని ఆ కాగితం పట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చింది. "నేను పాడను అమ్మగారూ" అంది.

"పాడతావు" అంది త్రిపురాంబ గారు. "పేరు ఎవరిదైతేనేమే, పాట నీది. నాకు దొరకని చోటు నీకు దొరికింది, కాలదన్నుకుంటావా? వేదిక మీద నా పేరెత్తనని ఒట్టెయ్యి."

పిల్ల ఒట్టేసింది. కానీ "పేరు ఎవరిదైతేనేం" అన్న మాట ఉందే, అది పచ్చి అబద్ధం. ఆ సాయంత్రం త్రిపురాంబ గారు పాఠం చెబుతూ రెండుసార్లు తాళం తప్పింది. ఆవిడ తాళం తప్పడం ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

అప్పుడు, పుండు మీద కారం చల్లినట్టు, పట్టాభి గారు కబురు పెట్టాడు. తంబురా మీటే అమ్మాయికి జ్వరం వచ్చిందట. "త్రిపురాంబ గారు వచ్చి వెనకాల తంబురా పట్టుకుంటే సరిపోతుంది. ఆవిడకీ వేదిక ఎక్కిన ముచ్చట తీరుతుంది" అన్నాడట. గురువు పాడుతుంటే వెనకాల శిష్యులు తంబురా పట్టుకోవడం లోకరీతి. శిష్యురాలి వెనకాల గురువుని కూర్చోబెడతారా? కళ్ళు పోవూ!

అయినా ఆవిడ వెళ్ళింది. శ్రుతి బాగుంటే పిల్ల పాట బాగుంటుందని వెళ్ళింది. ఆవిడ కూర్చున్న చోటికి ముందు పెద్ద పూలకుండీ పెట్టించాడు పట్టాభి గారు, నేతచీర జనానికి కనబడకుండా.

సభ నిండిపోయింది. నరహరి గారు వేదిక మీద ఓ పక్కన పట్టుగుడ్డ పరిచిన కుర్చీలో కూర్చున్నాడు. "ఈ రత్నాన్ని సానబట్టిన గురువు గారు వీరే" అన్నాడు పట్టాభి గారు మైకులో. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కాదనలేదు. చిరునవ్వు నవ్వి తలూపాడు. ఆ తలూపు చూసి నాకు... సరేలే, కథ విను.

మందాకిని వర్ణం పాడింది. మోహనం పాడింది. ఆ తర్వాత కల్యాణి ఎత్తుకుంది. ఒకటో సంగతి, రెండోది, మూడోది. నాలుగోదానికి జనం కుర్చీల అంచుకి జరిగారు. అయిదు, ఆరు, ఏడు. ఏడోది పాడి, ఆగిపోయింది.

వెనకాల త్రిపురాంబ గారు తంబురా మీటుతూనే తలెత్తి చూసింది.

మందాకిని చెయ్యి మాత్రం తాళం వేస్తూనే ఉంది. "మా గురువు గారు సభలోనే ఉన్నారు. గురువుండగా ఆఖరి సంగతి శిష్యులు పాడకూడదు. మాకు నేర్పిన పద్ధతి అది" అంది. పేరెత్తలేదు చూడు! ఒట్టు ఒట్టులాగే ఉంది.

పట్టాభి గారు పొంగిపోయాడు. పరిగెత్తుకెళ్ళి మైకు నరహరి గారి నోటి దగ్గర పెట్టాడు. "గురువు గారూ, కానివ్వండి!" అన్నాడు.

కానివ్వడానికి ఆయనకి తెలిస్తేగా! గొంతు సవరించుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. ఇక తప్పక ఏదో పెద్ద గమకం వేసి పైకి వెళ్ళాడు, వెళ్ళినవాడు దిగలేకపోయాడు. పల్లవి ఎత్తుకునే చోటు దాటిపోయాక ఎక్కడో వచ్చి పడ్డాడు. మృదంగం ఆయన వాయించడం ఆపి, తల వంచుకుని తన వేళ్ళు తాను చూసుకున్నాడు.

మందాకిని అందుకోలేదు. చెయ్యి తాళం వేస్తూనే ఉంది.

త్రిపురాంబ గారు తంబురా మీటుతూనే ఆలోచించింది. తను నోరు విప్పితే పట్టాభి గారు ఈ పిల్లని మళ్ళీ వేదిక ఎక్కనివ్వడు. విప్పకపోతే పాట నడిమధ్యలో తెగుతుంది, నిండు సభలో పిల్ల పరువు పోతుంది. తాళం ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టుకి ఆవిడ పాడింది.

ముప్పై ఏళ్ళుగా గొంతులో పెట్టుకున్న కోపమంతా అందులో ఉంది చిన్నీ. అయినా ఒక్క స్వరం గాడి తప్పలేదు. ఎనిమిదో సంగతి చుట్టలు చుట్టలుగా తిరిగి, సరిగ్గా బయల్దేరిన చోటికి వచ్చి కూర్చుంది. మృదంగం ఆయన "శభాష్" అని కేకేసి ముక్తాయింపు వేశాడు.

పాడేదెవరో జనానికి కనబడలేదు. మెడలు చాచి వెతుక్కుంటున్నారు. అప్పుడు మందాకిని ఏం చేసిందంటే, తనే లేచి ఆ పూలకుండీ పక్కకి జరిపింది. తను కూడా ఓ పక్కకి జరిగి కూర్చుని, త్రిపురాంబ గారి వైపు తిరిగి నమస్కారం పెట్టి, అప్పుడు పల్లవి అందుకుంది.

నరహరి గారు మంగళం పాడేదాకా కూడా ఉండలేదు. మంగళం కాకుండా లేచిపోవడం సంగీతం తెలిసిన వాడు చేసే పనేనా?

తెల్లారగానే పట్టాభి గారు పళ్ళూ పూలూ పట్టుకుని సందులోకి వచ్చాడు. "వచ్చే ఏడు మీ కచేరీయే ముందు పెడతామండీ" అన్నాడు.

"దానికేం గానీ, రేపటినుంచి పొద్దున్నే పిల్లలతో పాటు వచ్చి చాప మీద కూర్చోండి. సరళీస్వరాలతో మొదలుపెడదాం. ఎవరి గొంతు దేనికి పనికొస్తుందో తెలుసుకున్నాక చెబుదురుగాని, ఎవరు పాడాలో" అంది త్రిపురాంబ గారు.

ఆ మరుసటేడు ఆవిడ కచేరీ జరిగింది. వేదిక నడిమధ్యన కూర్చుంది. వెనకాల తంబురా మందాకిని పట్టుకుంది. అందరూ అబ్బో అన్నారు. ఒక్క కచేరీ! మరి ముప్పై ఏళ్ళ కచేరీలు ఎవరు తెచ్చిస్తారు? 

ఏమిటి చిన్నీ? ఆ రోజు సభలో మిగతా శిష్యులెవరూ లేరా అనా?

ఉన్నారు. సగం సభ వాళ్ళే. ఎనిమిదో సంగతి అందరికీ వచ్చు, అది ఎవరిదో అందరికీ తెలుసు. పట్టాభి గారు మైకులో ఆ అబద్ధం చెప్పినప్పుడు ఒక్కరూ లేచి ఇదేమిటని అడగలేదు. మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చున్న ఆవిడ కూడా అడగలేదు. పైగా చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే తనకీ ఒక కచేరీ ఇస్తానన్నాడు పట్టాభి గారు, అందుకని.

ఇచ్చాడు. పాడాను. కల్యాణిలో ఏడు సంగతులు పాడాక, ఎనిమిదోది నా గొంతు దాటి రాలేదు.

ఏడవకే పిచ్చిదానా. ఇటు తిరుగు. రేపు పొద్దున్నే లేపుతాను, నీకు ఆ ఎనిమిదో సంగతి నేర్పుతాను. నీకు చెప్పడానికైతే ఈ ముసలి గొంతు దాటి వస్తుంది. ఎవరైనా వచ్చి, ఇది ఎవరి పాటే అని అడిగితే ఏం చెబుతావు? మా అమ్మమ్మది అంటే ఊరుకోను.

ఆఁ. అదీ! ఇంకోసారి గట్టిగా చెప్పు, పక్కింటికి వినబడాలి.

కథ నడిచె కంచికి,
పాట చేరె గొంతుకి,
పేరు చేరె గురువుకి,
మనం చేరాం ఇంటికి,
కునుకు రావే కంటికి.