చీకటి అడిగిన చూపు

ఒకప్పుడు కోళ్ళకు రాత్రిపూట కూడా పగటిలాగే కళ్ళు కనిపించేవి. అందుకని రాత్రీ పగలూ వాటికి మేత మీదే యావ.

ఆ రోజుల్లో పైడమ్మ అనే ముసలమ్మ కోడిపెట్టను నక్క ఎత్తుకుపోయింది. ఏడు పిల్లలు దిక్కులేనివయ్యాయి. పైడమ్మ వాటిని గంపలో వేసి, పక్కన కుంపటి రాజేసి, తానే వాటికి తల్లయింది.

అవి కియ్‌మన్నప్పుడల్లా, "ఆకలేస్తందేటమ్మా? తినండి, తినండి" అని నూకలు చల్లేది. నడిరేయి కూడా లేచి చల్లేది. తెల్లవారగానే ఒక్కోదాని మెడ కింద మేతసంచి తడిమేది. నిండుగా తగిలితే, "నా బంగారాలు పస్తు పడుకోలేదు" అని మురిసిపోయేది. రాత్రి తిన్నది అరిగి, తెల్లారేసరికి ఆ సంచి ఖాళీ అవ్వాలని పాపం ఆమెకెవరు చెప్పారు?

నాలుగోనాడు ఒక పిల్ల తల వేలాడేసింది. సంచి గట్టిపడిపోయింది, నోట్లోంచి పులిసిన వాసన. నీరసం కాబోలనుకుని పైడమ్మ ఇంకాస్త పెట్టింది. అది చచ్చిపోయింది. దాని వెనకే ఒక్కొక్కటిగా మరో ఐదు పోయాయి.

మిగిలిన ఒక్క పిల్లకూ సంచి బిగుసుకుంటోంది. పైడమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"నేను వెచ్చగానే ఉంచానే!" అంది కుంపటి.

"నాను కడుపునిండా పెట్టాను గదే!" అంది పైడమ్మ.

"అదే కొంప ముంచింది" అంది గుమ్మంలో నిలబడ్డ చీకటి. "తిన్నది అరిగించుకోమనే నేను రోజూ వస్తాను. నీ పిల్లలు నన్ను లెక్కచెయ్యలేదు."

"మరేటి సెయ్యమంటావు, సీకటమ్మా?"

"దీని రాత్రిచూపు నాకిచ్చెయ్. నూకలు కనపడవు, తినకుండా పడుకుంటుంది, బతుకుతుంది. కానీ పిల్లి వచ్చినా కనపడదు."

పైడమ్మ గుండె దిటవు చేసుకుంది. "తీసుకో. పిల్లిని నాను సూసుకుంటాను."

"ఎన్నాళ్ళు చూసుకుంటావు, ముసలిదానివి?"

 అయినా పైడమ్మ చేతులు చాచి పిల్లను చీకటికి అందించింది.

ఆ రాత్రి పిల్ల కియ్‌మనలేదు. తెల్లారి తడిమితే సంచి మెత్తగా, ఖాళీగా ఉంది. పైడమ్మ ఆ ఖాళీసంచిని పదేపదే నిమిరింది. ఆ రోజునుంచి తాను బతికినన్నాళ్ళూ పొద్దు వాలగానే పిల్ల మీద గంప బోర్లించి, పైన రాయి పెట్టింది.

ఆ పిల్ల సంతతే ఇప్పటి కోళ్ళన్నీ. అందుకే అవి పొద్దుగూకేముందు ఆత్రంగా మేతసంచి నింపుకుని, చీకటి పడగానే చూపు పోయి ఎక్కడివక్కడ ముడుచుకుంటాయి. పైడమ్మ లేదు గనుక గంప మనమే మూస్తున్నాం. మరిచిపోయిన రాత్రి పిల్లి మరిచిపోదు. తెల్లారేసరికి వాకిట్లో ఈకలే ఉంటాయి.