పందిపిల్లలకు బంగారు మందు

మకరపట్నం రాజు ఉద్దండవర్మకు తన జెండా మీది వరాహమంటే ప్రాణం. అందుకే దీవి రాజు ఓడలో తెల్లటి పందిపిల్లల్ని కానుకగా పంపితే పొంగిపోయాడు.

"వీటికి పాయసం, నేతి గారెలు తప్ప మరేమీ పెట్టొద్దు!" అని ఆజ్ఞాపించాడు.

అసలే అవి అప్పుడప్పుడే తల్లిపాలు మానిన కూనలు. ఆ తిండికి కడుపు చెడి పారుడు రోగం పట్టుకుంది. ఒకటి చచ్చిపోయింది కూడా. పౌర్ణమికి దీవి రాజు స్వయంగా చూడ్డానికి వస్తున్నాడు. కానుక కాస్తా కాటికి పోతే ఇక స్నేహమెక్కడిది? రాజుకు అన్నం సహించలేదు.

"నా స్వర్ణభస్మం ఉండగా దిగులెందుకు ప్రభూ?" అన్నాడు ఆస్థాన వైద్యుడు ఘటికాచార్యులు, మీసం దువ్వుతూ. ఖజానా నుంచి గిన్నెడు బంగారం పట్టుకెళ్లి, పచ్చటి పొడి తెచ్చి పిల్లలకు పట్టించాడు. పారుడు ఆగలేదు.

రాజుకు తాంబూలం అందించే పేరిందేవి సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి.

"ప్రభూ, మా రేవులో పందులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచు తింటాయి. వాటికి కడుపు చెడగా నేనెన్నడూ చూడలేదు. నన్నొకసారి ప్రయత్నించనివ్వండి" అంది.

రాజు సరేననగానే పాయసం మాన్పించింది. నాచు కడిగించి, ఎండబెట్టించి, దంచి, తవుడు జావలో కాస్త కాస్త కలిపి పెట్టించింది. పౌర్ణమి ఇంకా రాకముందే పిల్లలు తోకలు మెలివేసుకుని తొట్టి దగ్గర కుమ్ములాడుకోసాగాయి.

ఘటికాచార్యులు ఆగమేఘాల మీద సభకొచ్చాడు.

"చూశారా ప్రభూ! నా భస్మం నిదానంగా పనిచేసింది. నాచుతో ఎక్కడైనా రోగం నయమవుతుందా?"

రాజు ఎటూ తేల్చుకోలేకపోయాడు. "పేరిందేవీ, నువ్వేమంటావు?"

"ఆచార్యులవారు పెద్దవారు, వారి మాట కాదంటానా? కానీ ప్రభూ, బంగారం కడుపులో అరుగుతుందా?"

"అరగదు."

"అయితే తిన్న బంగారమంతా పెంటలోనే ఉండాలి. దొడ్డి వెనక కుప్ప పోయించాను. ఆచార్యులవారికొక జల్లెడ ఇప్పించండి. వారు జల్లించి తెస్తే కంసాలి కరిగిస్తాడు, ఖజానా సొమ్ము ఖజానాకు చేరుతుంది!"

సభ గొల్లుమంది.

"తెండి జల్లెడ!" అన్నాడు రాజు.

ఘటికాచార్యులు ఉత్తరీయంతో ముక్కు మూసుకున్నాడు. రాజు కాళ్ల మీద పడ్డాడు.

"మన్నించండి ప్రభూ! పెంటలో బంగారం లేదు. నేను పట్టించింది వట్టి పసుపు. బంగారం మా ఇంట్లోనే ఉంది!"

రాజు కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. ఆ గిన్నెడు బంగారం అప్పటికప్పుడు తెప్పించి పేరిందేవి ఒళ్లో కుమ్మరించాడు. దీవి రాజు వచ్చి వెళ్లేదాకా నాచు కడిగే పని మాత్రం ఘటికాచార్యులకే అప్పగించాడు.