కాసులమ్మ ఆడిన వాన, గాలి, పడవ

చిన్న కథే. తమలపాకు నమిలి ఉమ్మేలోపు అయిపోతుంది.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ముందు ఆ ఊరి కులపెద్ద మీసం గురించి చెప్పాలి. ఆయన దానికి రోజూ చేపనూనె రాసేవాడు. అందుకని ఆయన వెనకాలే మూడు పిల్లులు తిరిగేవి. అది తన హోదా అనుకునేవాడాయన. సరే, ఈ కథలో మీసానికి పనిలేదు. పిల్లులకి అసలే లేదు.

కథ కాసులమ్మది. ఎండుచేపలు ఆరబెట్టుకుని బతికే మనిషి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, కాకులు మాత్రం బోలెడు.

ఒక ఏడు తెరచాప కొయ్య విరిగి ఒక ఓడ ఆ ఒడ్డుకి చేరింది. బాగుచెయ్యడానికి మూడు నెలలు పట్టింది. ఓడలో వంటవాడి భార్య కెయాల. ఎక్కడో హవాయి దీవుల మనిషి. ఎండుచేపల కోసం వచ్చి కాసులమ్మతో చెలిమి కట్టింది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఊళ్ళో భాష వచ్చిన మొగుడూ పెళ్ళాలకంటే వీళ్ళే ఎక్కువ మాట్లాడుకున్నారు.

కెయాల తన దీవుల ఆట నేర్పింది. దాన్ని హులా అంటారు. చేతులు కథ చెబుతాయి, నడుము అలలా ఊగుతుంది. మొదటి నెల వాన నేర్పింది. రెండో నెల గాలి నేర్పింది. మూడో నెల ఇంటికి తిరిగొచ్చే పడవ నేర్పింది. ఓడ కదిలే రోజున చేతులతోనే రెండు మాటలు చెప్పింది. ఆడేముందు నేర్పినవాళ్ళ పేరు చెప్పు. ఇది నీతో పోనివ్వకు, ఎవరికైనా ఇచ్చి పో.

ఆ రెండో మాట కాసులమ్మని పట్టుకుంది.

నేర్చుకుంటావా అని కులపెద్ద భార్య ఎర్నమ్మని అడిగింది.

"ఓలమ్మో, ఈ నడుం బిందెత్తడానికే వంగదు. ఊగుతాదేటి?"

డప్పుకొట్టే సన్యాసిగాడిని అడిగింది.

"ఇంత నెమ్మదిగా ఆడితే నా డప్పు నిద్రపోతాది అప్పా."

పక్కింటి పైడమ్మని అడిగింది.

"కాకుల్ని తోలడానికి పాఠాలేటి వదినా?" అంది పైడమ్మ. పొద్దుగూకేలోపు ఆ మాటని మూడు ఊళ్ళకి చేరవేసింది.

నవ్వనీ అనుకుంది కాసులమ్మ. రోజూ సాయంత్రం ఇసకదిబ్బ మీద సముద్రం వైపు తిరిగి, "కెయాల నేర్పింది!" అని గట్టిగా అరిచి, వాన ఆడేది, గాలి ఆడేది, పడవ ఆడేది. ఎవరైనా వస్తారేమోనని పక్కన చోటు వదిలి ఆడేది. ఏడాది గడిచింది. పదేళ్ళు గడిచాయి. ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆ చోట్లో కాకులే నిలబడ్డాయి.

చివరికి మంచం పట్టింది. "పైడమ్మా, కెయాలకి ఏటి జవాబు చెప్పనే?" అంది. ఆ మాటని మాత్రం పైడమ్మ ఏ ఊరికీ చేరవెయ్యలేదు.

కాసులమ్మ పోయింది. పాడె ఒడ్డుకి తెచ్చారు. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. "ఒక్కరమైనా నేర్చుకున్నాం కాదే" అని పైడమ్మ ఏడ్చింది.

అప్పుడు మగవాళ్ళు ఇసకలో కూర్చున్నారు. నలభై మంది. "కాసులమ్మ నేర్పింది. ఆవిడకి కెయాల నేర్పింది" అన్నారు. వాన ఆడారు. గాలి ఆడారు. పడవ ఆడారు. ఒక్క వేలు తప్పలేదు.

వల వేశాక చేప పడేదాకా పడవలో కూర్చుని ఒడ్డుకేసి చూడడం తప్ప వాళ్ళకి పనేముంది? ముప్పై ఏళ్ళు చూసి చూసి చేతులు వాటంతటవే నేర్చేసుకున్నాయి. ఇంట్లో తెలిస్తే పెళ్ళాలు నవ్వుతారని నోరు విప్పలేదు. అందరికంటే బాగా ఆడింది కులపెద్ద. తెల్లబడ్డ మీసం కూడా ఊగింది.

కొన్నాళ్ళకి ఆ దీవుల నుంచి ఇంకో ఓడ వచ్చింది. అందులో ఒక ముసలమ్మ వీళ్ళ ఆట చూసింది. "కూర్చుని ఆడే ఆటలు మాకూ ఉన్నాయి. కానీ మీరు కుడిచేతి పని ఎడమచేత్తో చేస్తున్నారు" అని సైగ చేసింది. ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు మరి, అద్దంలో బొమ్మలాగే వచ్చింది. సరిచేస్తానంది. ఊరు ఒప్పుకోలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో కొత్త పడవ నీళ్ళలోకి దించేముందు మగవాళ్ళు ఇసకలో కూర్చుంటారు. రెండు పేర్లు చెప్పి, ముందు ఎడమచెయ్యి లేపుతారు.

ముసలమ్మ మాత్రం మూడు నెలలుండి, కులపెద్ద దగ్గర ఆ ఎడమచేతి ఆటే నేర్చుకుని వెళ్ళింది. ఆ దీవుల్లో ఒక పల్లెలో ఇప్పటికీ అలాగే ఆడతారట. ముందు కెయాల పేరు చెబుతారు. తర్వాత కాసులమ్మ పేరు చెబుతారు. మూడో మనిషి పేరు పలకడానికి వాళ్ళకి నోరు తిరగలేదు. ఆ పేరు బదులు మీసం మెలేస్తారు.